నోటితో శ్వాస ఇచ్చేటప్పుడు అడ్డుగా ఏ మాస్క్ వాడాలి?

ప్రథమ చికిత్స: పాఠకుల ప్రశ్నలు, శిక్షకురాలి జవాబులు

ప్రశ్న: నేను పిల్లలకు ఈత నేర్పుతాను. రెండేళ్ల కిందట సీపీఆర్ (గుండె ఆగినవారికి ఛాతీ నొక్కి, శ్వాస ఇచ్చే ప్రథమ చికిత్స) శిక్షణ తీసుకున్నాను. శ్వాస ఇచ్చేటప్పుడు నోటికి అడ్డుగా ఏదైనా ఉండాలని అప్పట్లో చెప్పారు గానీ, ఏది కొనాలో చెప్పలేదు. తాళాల గుత్తికి తగిలించుకునే పల్చటి ప్లాస్టిక్ షీటు ఒకటి, గట్టి డబ్బాలో వచ్చే గిన్నె లాంటి మాస్క్ మరొకటి చూశాను. రెండూ ఒకే పని చేస్తాయని అమ్మేవారు అంటున్నారు. నిజమేనా? కొనేముందు ఏమేం చూసుకోవాలి, మేడమ్?

జవాబు: మీరు ఈత నేర్పేవారు కాబట్టి తేల్చి చెబుతున్నాను: మీకు కావలసింది గిన్నె లాంటి మాస్కే. దాన్ని పాకెట్ మాస్క్ అంటారు. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మీ వృత్తిలోనే ఉంది. నడుస్తూ నడుస్తూ కుప్పకూలిన పెద్దవారిలో సాధారణంగా ముందు ఆగేది గుండె. ఆ క్షణానికి వారి రక్తంలో ఇంకా కొంత ప్రాణవాయువు మిగిలి ఉంటుంది కనుక, మొదటి కొన్ని నిమిషాలు ఛాతీ నొక్కడం ఒక్కటే చేసినా ఆ రక్తం మెదడుకు చేరి మేలు చేస్తుంది. నీటిలో మునిగినవారి విషయం దీనికి తలకిందులు. వారికి ముందు ఊపిరి ఆగుతుంది, రక్తంలోని ప్రాణవాయువు అయిపోతుంది, ఆ తరువాతే గుండె ఆగుతుంది. అటువంటి ఛాతీని ఎంత బాగా నొక్కినా, ప్రాణవాయువు లేని రక్తాన్నే తిప్పుతున్నట్టు అవుతుంది. అందుకే మునిగినవారికి ముందుగా శ్వాసలు ఇచ్చి, తరువాత ఛాతీ నొక్కడం మొదలుపెట్టమంటారు. ఆ తొలి శ్వాసలు 2 అని కొన్ని సంస్థలూ, 5 అని కొన్ని సంస్థలూ నేర్పుతాయి. మీరు నేర్చుకున్న లెక్కనే పాటించండి. పిల్లల విషయంలోనూ చాలాసార్లు ఊపిరి ఆగడమే ముందు జరుగుతుంది. కాబట్టి మీ చేతిలోని పరికరం మీ నోటిని కాపాడితే చాలదు, మీరు ఊదిన గాలిని ఎదుటివారి ఊపిరితిత్తుల దాకా చేర్చాలి కూడా. ఈ రెండో పనిలోనే ఆ రెండు వస్తువుల మధ్య తేడా బయటపడుతుంది.

తాళాల గుత్తికి తగిలించుకునే దాన్ని ఫేస్ షీల్డ్ అంటారు. మడతలు విప్పితే అది పల్చటి షీటు, మధ్యలో నోటి దగ్గర గాలిని ఒకవైపే పోనిచ్చే చిన్న వాల్వ్ గానీ, వడపోత గుడ్డ ముక్క గానీ ఉంటుంది. షీటు తనంతట తాను ముఖానికి అతుక్కోదు. గాలి బయటికి పోకుండా ఆపవలసింది మీ పెదవులే. ముక్కును కూడా ఆ షీటు మీదుగా మీరే మూసి పట్టుకోవాలి. తడి ముఖం మీద ప్లాస్టిక్ జారుతుంది, ముక్కు పట్టు తప్పుతుంది, ఊదిన గాలిలో కొంత చెంపల పక్కనుంచి వెళ్లిపోతుంది. మధ్యలో వాల్వ్ ఉందా, వడపోత మాత్రమే ఉందా అన్నది ప్యాకెట్ మీద తప్పక చూడండి. వడపోత మాత్రమే ఉంటే, ఎదుటివారు వదిలిన గాలి తిరిగి మీ నోటివైపే వస్తుంది. ఇంత చెప్పినా ఫేస్ షీల్డ్‌ను నేను తీసిపారేయను. అది ఎప్పుడూ జేబులో ఉండగలదు, పాకెట్ మాస్క్ ఉండలేదు. బజారులో నడుస్తున్న మామూలు మనిషికి అది చాలు. కొలను గట్టున రోజూ నిలబడే మీకు చాలదు.

పాకెట్ మాస్క్ నోటినీ ముక్కునూ కలిపి కప్పుతుంది. ముక్కు మూసే పని ఉండదు కనుక రెండు చేతులూ మాస్క్‌ను ముఖానికి ఆనించి, దవడను పైకి ఎత్తడానికి మిగులుతాయి. కొనేముందు దాన్ని విప్పి చూడనివ్వమని అడగండి. మొట్టమొదట చూడవలసింది వాల్వ్. మాస్క్ కొప్పున, అంటే గిన్నె లాంటి భాగం పైన, బిగించే చిన్న గొట్టం అది. దాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుని లోపలికి చూస్తే చాలా వాటిలో బాతు ముక్కులా రెండు మెత్తటి సిలికాన్ పెదవులు ఒకదానికొకటి ఆని కనిపిస్తాయి. మీరు ఊదినప్పుడు ఆ పెదవులు విచ్చుకుని గాలిని లోపలికి పంపాలి. ఎదుటివారు గాలి వదిలినప్పుడు అవి మూసుకుపోయి, ఆ గాలి మీ నోటివైపు రాకుండా వాల్వ్ పక్కనున్న సందుల గుండా బయటికి పోవాలి. దీన్ని పరీక్షించడం సులువు. శిక్షణ కోసం విడిగా ఉంచుకున్న వాల్వ్‌ను తీసుకుని, నోరు పెట్టే వైపు నుంచి మెల్లగా ఊదండి. బలం పెట్టనక్కరలేకుండా గాలి వెళ్లాలి. తరువాత తిప్పి, మాస్క్‌కు తగిలే వైపు నుంచి ఊదుతూ నోరు పెట్టే చివర దగ్గర చెయ్యి ఉంచండి. అక్కడ గాలి తగలకూడదు, పక్క సందుల దగ్గర తగలాలి. వాల్వ్‌తో పాటు నీటిని పీల్చని వడపోత కూడా ఉంటే మరీ మంచిది. అది లాలాజలం, రక్తం, వాంతి తుంపరలు మీవైపు రాకుండా ఆపుతుంది.

తరువాత అంచు. అది గాలి నింపిన మెత్తటి దిండులా ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తిరిగి లేవాలి. డబ్బాలో మాస్క్‌ను బల్లపరుపుగా నొక్కి పెడతారు కాబట్టి, తీసిన వెంటనే కొప్పును బొటనవేళ్లతో బయటికి తొయ్యాలి. ఆ తొయ్యడం ఎంత సులువుగా జరుగుతుందో అక్కడే చూసుకోండి. కొప్పు పారదర్శకంగా ఉండాలన్నది అలంకారానికి కాదు. వాంతి వస్తే అది కనిపించాలి, పెదవుల రంగు కనిపించాలి. వాల్వ్ బిగించే గొట్టం అంతర్జాతీయ కొలతల్లో, అంటే 15, 22 మిల్లీమీటర్ల అమరికలో ఉంటే, అంబులెన్సు సిబ్బంది వచ్చాక మీ వాల్వ్‌ను తీసి వారి శ్వాస సంచిని అదే మాస్క్‌కు తగిలించుకోగలరు. రబ్బరు పాలు పడనివారు ఉంటారు కనుక లేటెక్స్ లేనిదే తీసుకోండి.

కొన్నిటికి ఆక్సిజన్ గొట్టం తగిలించే చిన్న ముక్కు ఉంటుంది. కొలను దగ్గర ఆక్సిజన్ సిలిండరు, దాన్ని వాడే శిక్షణ రెండూ ఉంటేనే దానికోసం చూడండి. నిమిషానికి 10 లీటర్లకు తగ్గకుండా ఆక్సిజన్ పంపితే, లోపలికి వెళ్లే గాలిలో దాని వాటా సుమారు సగానికి చేరుతుంది. సిలిండరు లేకపోతే ఆ ముక్కుకు మూత ఉందో లేదో చూసుకోండి, లేకుంటే ఊదిన గాలి అక్కడినుంచి కారిపోతుంది. ఆక్సిజన్ లేదని బెంగపడకండి. మనం వదిలే గాలిలో ఇంకా 16, 17 శాతం ప్రాణవాయువు ఉంటుంది, ప్రాణం నిలబెట్టడానికి అది చాలు. 1950వ దశకంలో జేమ్స్ ఈలమ్, పీటర్ సఫర్ అనే వైద్యులు, మందుతో కండరాలు పనిచేయకుండా చేసిన మనుషులకు వదిలిన గాలినే ఊది, వారి రక్తంలో ప్రాణవాయువు తగినంతగా నిలుస్తుందని చూపించారు. ఈనాడు మనం నేర్చుకుంటున్న నోటి శ్వాసకు పునాది ఆ పనే. తలకు బిగించే పట్టీ గురించి ఒక్క మాట: అది మాస్క్‌ను జారకుండా ఉంచుతుందేమో గానీ గాలిని ఆపదు. ఆపదలో దాన్ని బిగిస్తూ కూర్చోవద్దు.

ప్రశ్న: మా కర్మాగారంలో ప్రథమ చికిత్స బృందంలో నేను ఒకణ్ణి. తోటివారిలో చాలామందికి ఒకే భయం, నోరు పెడితే రోగం అంటుకుంటుందేమోనని. మాస్క్ ఉంటే పూర్తి రక్షణ ఉన్నట్టేనా? మాస్క్ దొరక్కపోతే ఏం చెయ్యాలి?

జవాబు: మీ తోటివారి భయం సహజమైనది, దాన్ని తప్పుపట్టను. అయితే నిజం ఏమిటో వారికి తెలియాలి. నోటితో శ్వాస ఇచ్చినందువల్ల రోగం సోకిన సంఘటనలు వైద్య గ్రంథాల్లో చాలా కొద్దిగా నమోదయ్యాయి. వాటిలో క్షయ, పెదవుల మీద పొక్కులు తెచ్చే హెర్పిస్, మెదడు పొరల వాపు కలిగించే ఒక బాక్టీరియా వంటివి ఉన్నాయి. నోటి శ్వాస ద్వారా హెచ్ఐవీ సోకినట్టు నమోదైన సంఘటన లేదు. కోవిడ్ వ్యాపించిన రోజుల్లో మాత్రం ఆ రోగం గాలి ద్వారా సోకుతుంది కనుక, పెద్దవారి విషయంలో సామాన్యులు ముఖం మీద గుడ్డ కప్పి ఛాతీ మాత్రమే నొక్కాలని 2020లో సూచనలు వచ్చాయి.

మాస్క్ ముప్పును తగ్గిస్తుంది, సున్నా చెయ్యదు. అంచు సరిగా ఆనకపోతే ఎదుటివారి శ్వాస చుట్టుపక్కలకు వస్తుంది. వాల్వ్‌లో వాంతి ఇరుక్కుంటే అది మూసుకోదు. కాబట్టి మాస్క్ డబ్బాలో ఒక జత చేతి తొడుగులు కూడా ఉంచండి, వాల్వ్‌లో ఏదైనా ఇరుక్కున్నట్టు కనిపిస్తే శ్వాసలు ఆపి ఛాతీ నొక్కడం కొనసాగించండి. చేతిరుమాలును మాత్రం అడ్డుగా నమ్మకండి. తడిసిన గుడ్డ ద్రవాన్ని ఆపదు, గాలిని మాత్రం అడ్డుకుంటుంది.

కర్మాగారం అన్నారు కాబట్టి మరొక సంగతి చెప్పాలి. పడిపోయిన మనిషి పురుగుమందు గానీ, సైనైడు వంటి విషం గానీ మింగి ఉంటే, నేరుగా నోటికి నోరు పెట్టడం మీ ప్రాణానికే ప్రమాదం. అక్కడ మాస్క్ లేకుండా శ్వాస ఇవ్వకూడదు. విషవాయువు నిండిన గదిలోనైతే మాస్క్ ఉన్నా పనికిరాదు. ముందు గాలి ఆడే చోటికి తేవాలి, ఆ తేవడం కూడా తగిన రక్షణ ఉన్నవారే చెయ్యాలి.

మాస్క్ దొరక్కపోతేనో, నోరు పెట్టడానికి మనసు ఒప్పకపోతేనో, చేతులతో మాత్రమే చేసే సీపీఆర్ ఉంది. పెద్దవారు హఠాత్తుగా కుప్పకూలినప్పుడు అది సరైన చికిత్సే, తక్కువ రకం చికిత్స కాదు. ఛాతీ మధ్యలో, 5 సెంటీమీటర్లకు తగ్గకుండా 6 దాటకుండా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, నొక్కిన ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేచేలా వదులుతూ నొక్కాలి. మీ బృందానికి నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇది: మాస్క్ కోసం పరుగెత్తేది రెండో మనిషి. మొదటి మనిషి చేతులు అప్పటికే ఛాతీ మీద ఉండాలి. మాస్క్ వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడితే, రక్షణ కోసం కొన్న వస్తువే ఆలస్యానికి కారణమవుతుంది. పైపైన ఎగబీలుస్తున్నట్టు అప్పుడొకటి ఇప్పుడొకటిగా వచ్చే ఊపిరిని చూసి మనిషి శ్వాస తీసుకుంటున్నాడని ఆగిపోవడం కూడా నేను తరచుగా వినే పొరపాటు. అది శ్వాస కాదు. గుండె ఆగినప్పుడు కనిపించే గుర్తు.

ప్రశ్న: పాఠశాల ఉపాధ్యాయినిని. శిక్షణలో పాకెట్ మాస్క్‌తో ఎన్నిసార్లు ఊదినా బొమ్మ ఛాతీ లేవలేదు. నా మాస్క్ పాడైందా, ఊదే బలం చాలడం లేదా?

జవాబు: చాలావరకు రెండూ కాదు. నా తరగతుల్లో ఈ దృశ్యం పదేపదే చూస్తాను. గత శిక్షణలో ఒకావిడ మాస్క్‌ను రెండు అరచేతులతో ముఖం మీద గట్టిగా అదిమి పట్టి, బుగ్గలు ఎర్రబడేదాకా ఊదారు. ఛాతీ కదలలేదు. అంచు దగ్గర గాలి చప్పుడు కూడా లేదు, అంటే మాస్క్ బాగానే ఆనింది. ఆవిడ చేతుల కింద గడ్డం ఎక్కడుందో చూస్తే, అది మెడవైపు నొక్కుకుపోయి ఉంది. మాస్క్‌ను కిందికి అదిమినకొద్దీ దవడ వెనక్కి పోతుంది, దవడతో పాటు నాలుక వెనక్కి పోయి గొంతును మూసేస్తుంది. అదే ఆవిడతో, మాస్క్‌ను కిందికి తొయ్యకండి, ముఖాన్ని మాస్క్‌లోకి పైకి లాగండి అన్నాను. వేళ్లను దవడ ఎముక కింద పెట్టి పైకి ఎత్తిన వెంటనే మునుపటి కన్నా సగం బలంతో ఊదినా ఛాతీ లేచింది. ఆ మార్పు చూసినప్పుడు ఆవిడ ముఖంలో వచ్చిన వెలుగు నాకు ఇంకా గుర్తుంది.

మీరు ఒక్కరే ఉంటే పక్కన మోకాళ్ల మీద కూర్చోండి. మాస్క్ సన్నటి చివర ముక్కు దూలం మీద, వెడల్పు చివర కింది పెదవికీ గడ్డానికీ మధ్యనున్న గుంట దగ్గర ఉండాలి. నుదుటివైపున్న చేతి బొటనవేలూ చూపుడువేలూ మాస్క్ పై అంచును పట్టుకోవాలి, అదే చేతి అంచుతో తలను వెనక్కి వంచాలి. రెండో చేతి బొటనవేలు కింది అంచును నొక్కుతుండగా, మిగిలిన వేళ్లు దవడ ఎముక అంచు కిందికి వెళ్లి గడ్డాన్ని పైకి ఎత్తాలి. వేళ్లు గడ్డం కింది మెత్తటి భాగాన్ని నొక్కకూడదు. అక్కడ నొక్కినా నాలుక వెనక్కే పోతుంది. రెండో మనిషి ఛాతీ నొక్కుతుంటే మీరు తల వెనక కూర్చుని రెండు చేతులతోనూ మాస్క్‌ను పట్టుకోవచ్చు; పట్టు అప్పుడు మరింత బాగా కుదురుతుంది.

ఊదడం ఒక్క సెకను మాత్రమే. ఛాతీ కాస్త లేస్తే చాలు. పెద్దవారికి అది అర లీటరు, అంతకు కొంచెం పైన అవుతుంది. ఎక్కువగా, వేగంగా ఊదిన గాలి ఆహారనాళంలోకి దారి చేసుకుని కడుపును ఉబ్బిస్తుంది, వాంతి వచ్చేది అందువల్లే. ఛాతీ లేవకపోతే బలం పెంచవద్దు, తలా దవడా మళ్లీ సర్ది ఇంకొక్కసారి ఊదండి. రెండు ప్రయత్నాలు అయ్యాక ఫలితం ఎలా ఉన్నా ఛాతీ నొక్కడానికి వెళ్లిపోవాలి. 30 సార్లు నొక్కడం, 2 శ్వాసలు. ఆ రెండు శ్వాసల కోసం నొక్కడం ఆగిన సమయం 10 సెకన్లు దాటకూడదు. మాస్క్‌ను బేరీజు వెయ్యడానికి నేను వాడే కొలత కూడా ఇదే. మూసిన డబ్బాను చేతికిచ్చి, తెరిచి, కొప్పు తోసి, వాల్వ్ బిగించి, బొమ్మ ఛాతీ లేచే శ్వాస ఇచ్చేదాకా గడియారం చూస్తాను. తరువాత 30 నొక్కి, రెండు శ్వాసలు 10 సెకన్లలో కుదురుతున్నాయా అని చూస్తాను. ఎంత మంచి పేరున్న మాస్క్ అయినా మీ చేతుల్లో ఈ పరీక్షకు నిలవకపోతే, అది మీకు ఇంకా అలవాటు కాలేదన్నమాట. మీ సొంత మాస్క్‌నే శిక్షణకు తీసుకెళ్లండి, వాల్వ్ మాత్రం శిక్షణకు వేరేది వాడండి.

ప్రశ్న: కారులో ఉంచిన మాస్క్ ఎన్నాళ్లు పనికొస్తుంది? ఒకసారి వాడాక కడిగి దాచుకోవచ్చా?

జవాబు: ప్యాకెట్ మీది గడువు తేదీనే నమ్మండి, కానీ ఎండలో నిలిపే కారుకు ఆ తేదీ వర్తిస్తుందనుకోవద్దు. వేడికి ప్లాస్టిక్ గట్టిపడుతుంది, అంచు దిండులోని గాలి తగ్గుతుంది. కొన్ని నెలలకోసారి డబ్బా తెరిచి అంచు నొక్కి చూడండి, జిగురుగా అనిపించినా, పగుళ్లు కనిపించినా మార్చెయ్యండి. కారులో ఉంచక తప్పదనుకుంటే ఎండ నేరుగా పడే అద్దాల దగ్గర కాకుండా సీటు కింద ఉంచండి. మనిషికి వాడిన వాల్వ్‌నూ వడపోతనూ మళ్లీ వాడకూడదు, ఎంత కడిగినా సరే. ఫేస్ షీల్డ్ మొత్తం ఒక్కసారికే. పాకెట్ మాస్క్ కొప్పును తిరిగి వాడుకోవచ్చా లేదా అన్నది తయారీదారు రాసిన సూచనను బట్టి ఉంటుంది. వాడుకోవచ్చని ఉంటే సబ్బునీళ్లతో కడిగి, వారు చెప్పిన క్రిమిసంహారక ద్రావణంలో చెప్పినంతసేపు ఉంచి, పూర్తిగా ఆరనిచ్చి, కొత్త వాల్వ్ బిగించాలి.

ప్రశ్న: ఇంట్లో ఏడు నెలల పాప ఉంది. పెద్దల మాస్క్ పాపకు సరిపోతుందా?

జవాబు: పెద్దల మాస్క్‌ను మామూలుగా పెడితే అంచు పాప కళ్ల మీదికో, గడ్డం కిందికో పోయి గాలంతా బయటికి పోతుంది. కొన్ని పాకెట్ మాస్కులను తలకిందులుగా తిప్పి శిశువులకు వాడవచ్చని తయారీదారులే రాస్తారు. మీ మాస్క్ డబ్బా మీద ఆ మాట, దానితో బొమ్మ ఉన్నాయేమో చూడండి. లేకపోతే శిశువుల కొలత మాస్క్ విడిగా తీసుకోండి. మీ పాపకే శ్వాస ఇవ్వవలసి వచ్చి చేతిలో మాస్క్ లేనప్పుడు దానికోసం వెతకవద్దు: తలను ఎక్కువగా వంచకుండా నిటారుగా ఉంచి, పాప నోటినీ ముక్కునూ కలిపి మీ నోటితో కప్పి, మీ బుగ్గల్లో పట్టే గాలిని మాత్రమే మెల్లగా ఊదండి. చిన్న ఛాతీ కొద్దిగా లేవడం కనిపించగానే ఆపండి.